కేకే లైన్లో వ్యాగ్-5: ఘాట్ దింపిన డ్రైవరు మాట

కొత్తవలస–కిరండూల్ (కేకే) లైన్లో ఇరవై ఏళ్లకు పైగా వ్యాగ్-5 అనే కరెంటు గూడ్సు ఇంజను ఎక్కాను. మొదట అసిస్టెంటుగా, తర్వాత డ్రైవరుగా. 1980ల మొదట్లో ఈ కొండ లైనుకి కరెంటు తీగలు వచ్చాయి, ఆ దశకంలోనే ఈ ఇంజనూ వచ్చింది. ఎవరడిగినా 3850 హార్స్‌పవర్ అని గొప్పగా చెబుతారు గానీ, మాకు అది తర్వాతి సంగతి. బైలడిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న బండి 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ దాటిందంటే శివలింగపురం దాకా దిగుడే. 60 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు, సొరంగం మీద సొరంగం. అక్కడ లోడుని ఎలా పట్టి ఉంచుతుందో చూడాలి.

బాగానే పడుతుంది. రియోస్టాటిక్ బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లయిపోతాయి, పుట్టిన కరెంటంతా రెసిస్టర్లలో వేడిగా పోతుంది. ఎయిర్ బ్రేకు అవసరానికి మిగులుతుంది. బీపీ, అంటే బ్రేకు పైపులో గాలి ఒత్తిడి చూపే ముల్లు 5 కేజీల దగ్గర కదలకుండా నిలబడితే ఫ్లాస్కులో టీ తాగే ధైర్యం వచ్చేది.

ఎక్కుడులో మాత్రం ఏడిపిస్తుంది. జైపూర్ దాటాక కొరాపుట్ వైపు, వానలో, నాచ్ (మోటార్లకు కరెంటు పెంచే మెట్టు) కాస్త తొందరపడి పెంచితే చక్రం జారి అమ్మీటరు ముల్లు గంతులేస్తుంది. ఒక రాత్రి, చక్రం జారకుండా ఇంజను పట్టాల మీద వదిలే ఇసుక తడిసి గడ్డకట్టింది. బయల్దేరే ముందు చూసుకోకపోవడం నా తప్పే. అసిస్టెంటు టార్చి నోట కరుచుకుని, పొడి మట్టి గుప్పిళ్లతో పట్టాల మీద చల్లుతుంటే ఒక్కో నాచ్ పెంచుతూ కదిలించాను.

1988లో థైరిస్టర్ల (కరెంటుని మెట్లు లేకుండా పెంచే ఎలక్ట్రానిక్ స్విచ్చుల) వ్యాగ్-6లు వచ్చాయి, 6000 హార్స్‌పవర్. నాచ్‌కీ నాచ్‌కీ మధ్య కుదుపే లేదు, కుర్చీలో కూర్చున్నట్టే. కానీ అవి మొత్తం 18. రోజువారీ చాకిరీ వ్యాగ్-5దే, రెండు మూడు కలిపి కట్టేవాళ్లం.

వేసవిలో క్యాబ్ పెనం. టాయిలెట్ ఊసే లేదు. అన్నిటికంటే ఆర్నో రొద! ఇంజను లోపలి ఫ్యాన్లకీ పంపులకీ త్రీ-ఫేజ్ కరెంటిచ్చే తిరుగుడు యంత్రం అది. ఇంట్లో టీవీ సౌండు మీద మా ఆవిడతో గొడవ ఇప్పటికీ దాని పుణ్యమే. అయితే సొరంగంలో ఆ రొద ఉన్నట్టుండి ఆగితే ప్రాణం జల్లుమనేది. డీజే, అంటే ఇంజను మెయిన్ బ్రేకరు, ట్రిప్ అయి కరెంటు పోయిందన్నమాట.