తెలుగువాళ్లు ఎస్పెరాంటోకి ఏ పుస్తకం కొనాలి?

ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇంటర్ చదువుతున్న మా మనవడు ఒకరోజు వచ్చి "అమ్మమ్మా, మనిద్దరం కలిసి ఎస్పెరాంటో నేర్చుకుందామా?" అన్నాడు. వేర్వేరు దేశాలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి కావాలని తయారుచేసిన భాష అది. 1887లో జామెన్‌హోఫ్ అనే కంటి డాక్టరు వార్సాలో తన మొదటి పుస్తకం వేసి, ఈ భాష అందరి సొత్తు అని ప్రకటించాడని వాడే చెప్పాడు. పదహారు సూత్రాల వ్యాకరణం అనగానే నాకు ఆశ పుట్టింది. ఏడాదిన్నరగా మా భోజనాల బల్ల మీద ఈ పుస్తకాలే ఉంటున్నాయి.

మొదటి కొనుగోలు దెబ్బతింది. పాత పుస్తకం ఒకదాన్ని ఎవరో స్కాన్ చేసి అచ్చేసి అమ్ముతుంటే, చవగ్గా ఉందని ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎస్పెరాంటోలో ఉన్న 28 అక్షరాల్లో ఆరింటికి పైన గుర్తులుంటాయి. ఐదింటికి టోపీ, ఒకదానికి చిన్న దొన్నె లాంటి గీత. మాకు వచ్చిన ప్రతిలో అవి చాలాచోట్ల పడనే లేదు. c అనే అక్షరానికి టోపీ ఉంటే 'చీమ'లో చ, లేకపోతే 'చాప'లో చ. పాత నిఘంటువుల్లో దంత్య చకారం మీద గుర్తు పెట్టి ౘ అని చూపించేవారు కదా, ఇక్కడ దానికి తలకిందులుగా తాలవ్యానికి గుర్తు పెడతారు. చేలో అంటే కణం, టోపీ తీసేస్తే త్సేలో, అంటే లక్ష్యం. ఆ గుర్తులు లేని పుస్తకంతో ఎంత కష్టపడినా ప్రయోజనం లేదు. ఏది కొన్నా ముందు నమూనా పేజీ తెరిచి టోపీలు ఉన్నాయో లేదో చూడండి.

తర్వాత 'టీచ్ యువర్‌సెల్ఫ్' వరుసలోని 'కంప్లీట్ ఎస్పెరాంటో' తెప్పించాం. టిమ్ ఓవెన్, జుడిత్ మేయర్ రాశారు. మంచి పుస్తకం. సంభాషణలు సహజంగా ఉన్నాయి, వినడానికి ఆడియో ఉంది. ఇంగ్లిష్ సాఫీగా చదవగలిగి, ఇంట్లో తోడు ఎవరూ లేనివాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. కానీ అది ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పిన పాఠం. వాళ్లకి కష్టమైనవి మనకి కష్టం కావు, మనం తడబడేచోట అది ఆగదు.

ద్వితీయా విభక్తి సంగతే చూడండి. లిబ్రో అంటే పుస్తకం, లిబ్రోన్ అంటే పుస్తకాన్ని. 'ని' ఉన్న మనకి ఇందులో కొత్తేముంది? మన 'లో', 'లోకి' తేడాని కూడా ఆ న్ తోనే చూపిస్తారు: పిల్లి తోటలో పరిగెడితే జార్దేనో, తోటలోకి పరిగెడితే జార్దేనోన్. అతను 'తన' తల్లిని పిలిచాడా, 'అతని' తల్లిని పిలిచాడా అనే తేడాకి ఎస్పెరాంటోలో సియా, లియా అని రెండు మాటలున్నాయి. ఇంగ్లిష్‌లో ఆ తేడా లేదు కాబట్టి దాన్ని నిదానంగా విడమరచాలి. మనకి 'తన' అంటే చాలు. కీయే, తీయే అంటే ఎక్కడ, అక్కడ. కీయమ్, తీయమ్ అంటే ఎప్పుడు, అప్పుడు. ఐదు మొదళ్లు, తొమ్మిది చివర్లు కలిసి 45 మాటల పట్టిక అది. అందరూ భయపడే ఆ పట్టికని మావాడు రెండు సాయంత్రాల్లో పట్టేశాడు.

మరి ఎక్కడ తప్పాడు? మనం మాటల్లో 'పుస్తకం చదివాను' అంటాం, 'ని' వదిలేస్తాం. వాడు కూడా అలాగే న్ వదిలేశాడు. 'తమ్ముణ్ణి పిలిచాను' అనేటప్పుడు మాత్రం ఎవరం వదలం. "ఒరే, ఎస్పెరాంటోలో ప్రతి వస్తువూ తమ్ముడే అనుకో" అని చెప్పాక సర్దుకున్నాడు. రెండోది బహువచనం. మంచి పుస్తకం, మంచి పుస్తకాలు: మనకి 'మంచి' మారదు. అక్కడ బోనా లిబ్రో, బోనాయ్ లిబ్రోయ్. ఇది నెలరోజులు ఏడిపించింది. తెలుగువాళ్ల కోసం రాసే పుస్తకం అయితే ఈ రెండింటికీ చెరో అధ్యాయం కావాలి.

మాకు నిజంగా దారి చూపింది 'గెర్డా మాలాపేరిస్', అంటే 'గెర్డా మాయమైంది'. రాసినవారు క్లోడ్ పిరోన్. ఐక్యరాజ్యసమితిలో అనువాదకుడిగా, తర్వాత మానసిక చికిత్సకుడిగా పనిచేసిన మనిషి. చిన్న డిటెక్టివ్ కథ. మొదటి అధ్యాయంలో చిన్నచిన్న మాటలే ఉంటాయి. కొత్త మాటలు కొన్నికొన్ని చొప్పున చేరుతూ, మళ్లీ మళ్లీ ఎదురవుతూ ఉంటాయి. అసలు సంగతి ఏమిటంటే, తర్వాత ఏమైందో తెలుసుకోవాలని మనమే పేజీ తిప్పుతాం. రాత్రి తొమ్మిదింటికి "ఇంకొక్క అధ్యాయం అమ్మమ్మా" అని వాడు అడిగినప్పుడు నా కళ్లు చెమర్చాయి. నా సర్వీసులో వ్యాకరణం క్లాసులో ఆ మాట ఎన్నడూ వినలేదు.

చిన్నపిల్లలుంటే స్టానో మార్చెక్ పుస్తకం 'ఎస్పెరాంటో పెర్ రెక్తా మెతోదో' చూడండి. నిండా బొమ్మలు, పాఠమంతా ఎస్పెరాంటోలోనే. మధ్యలో ఇంగ్లిష్ ఉండదు కాబట్టి తెలుగు మీడియం పిల్లలకి ఇదే న్యాయం. పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చుంటే చాలు.

నాలాంటి వ్యాకరణం పిచ్చివాళ్లకి బెర్తీలో వెన్నెర్‌గ్రెన్ రాసిన పెద్ద వ్యాకరణం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అంతా ఎస్పెరాంటోలోనే ఉంటుంది, కాబట్టి మొదటి ఏడాది ముట్టుకోకండి. నేను ఇప్పుడు రోజుకో పేజీ చదువుతున్నాను. ఏయో అనే ప్రత్యయం దగ్గర వారం ఆగిపోయాను. అది మన 'శాల' లాంటిదే. లెర్నేయో పాఠశాల, కుయిరేయో వంటశాల, బోవేయో గోశాల.

ఆ టోపీల్లేని పుస్తకాన్ని పారేయబుద్ధి కాలేదు. మావాడు ఎర్ర పెన్నుతో ఒక్కో అక్షరానికీ టోపీ పెట్టుకుంటూ వస్తున్నాడు. నిన్నటికి నలభయ్యో పేజీ దాటాడు.