థర్‌స్టనా, కామెరాన్ స్మితా: ఎవరి కెరీర్ మేలు?

బ్రిస్బేన్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఉంటున్న మనవాళ్లు రగ్బీ లీగ్ చూడటం మొదలుపెట్టాక నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఈ తరంలో రిటైరైనవాళ్లలో ఎవరి కెరీర్ గొప్పది, జొనాథన్ థర్‌స్టన్‌దా, కామెరాన్ స్మిత్‌దా? నేరుగా విషయంలోకి వెళ్తాను.

పోల్చడానికి ఇంత చక్కగా కుదిరే జంట అరుదు. ఇద్దరూ 1983లో బ్రిస్బేన్‌లోనే పుట్టారు. ఇద్దరూ 2002లోనే ఎన్‌ఆర్‌ఎల్‌లో, అంటే అక్కడి అగ్రశ్రేణి క్లబ్ పోటీలో, అడుగుపెట్టారు. క్వీన్స్‌లాండ్ 2006 నుంచి 2013 దాకా వరుసగా ఎనిమిది ఆరిజిన్ సిరీస్‌లు (న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంతో ఏటా జరిగే మూడు మ్యాచ్‌ల పోటీ) గెలిచినప్పుడు ఇద్దరూ ఆ జట్టువాళ్లే. కాబట్టి తేడా ఎక్కడన్నా ఉంటే క్లబ్ ఆటలోనే వెతకాలి.

అంకెల్లో స్మిత్‌దే పైచేయి. 430 మ్యాచ్‌లు, 2,786 పాయింట్లు, రెండూ ఎన్‌ఆర్‌ఎల్ రికార్డులే. ఆరిజిన్‌లో మరో 42 మ్యాచ్‌లు. హుకర్‌గా, అంటే ప్రతి టాకిల్ తర్వాత బంతి అందుకుని ఆట నడిపేవాడిగా, ఇన్నేళ్లు నిలబడటం మామూలు విషయం కాదు. తన జట్టు దగ్గర బంతి ఉంటే దాదాపు ప్రతిసారీ అతని చేతిమీదుగానే కదలాలి. బంతి అవతలివాళ్లదైతే మైదానం నడిమధ్యలో నిలబడి వంద కిలోలు దాటిన ఫార్వర్డ్‌లను ఒకరి తర్వాత ఒకరిని ఆపాలి. స్మిత్‌లో మెరుపు వేగం లేదు, చూడగానే భయపెట్టే ఒళ్లూ కాదు. అతను బంతికోసం వంగేముందు ఏం చేస్తాడో గమనించండి. తల ఎత్తి డిఫెన్స్ వరసను చూస్తాడు. మార్కర్ (బంతికి ఎదురుగా నిలబడే అవతలి ఆటగాడు) ఇంకా సర్దుకోలేదంటే తానే పరుగు తీస్తాడు. అవతలివాళ్లు రొప్పుతుంటే ఆట వేగం పెంచుతాడు, తనవాళ్లు అలిసిపోతే తగ్గిస్తాడు. మ్యాచ్ మొత్తం అతను చెప్పిన వేగంతోనే నడుస్తుంది.

అయినా నా లెక్కలో తేల్చేది అంకెలు కావు. పక్కన ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. మెల్‌బోర్న్ స్టార్మ్‌లో స్మిత్‌కు తోడుగా బిల్లీ స్లేటర్, కూపర్ క్రాంక్, కొన్నేళ్లపాటు గ్రెగ్ ఇంగ్లిస్ ఉన్నారు. 2003 నుంచి కోచ్‌గా క్రెయిగ్ బెలమీ ఉన్నాడు. ఇంత అండ థర్‌స్టన్‌కు ఏనాడూ లేదు. పైగా ఆటగాళ్లందరి జీతాల మొత్తంపై ఉన్న పరిమితి దాటిందని లీగ్ 2010లో ఆ క్లబ్ నుంచి 2007, 2009 టైటిళ్లను వెనక్కి తీసుకుంది. అందుకు స్మిత్‌ను తప్పుపట్టను. క్లబ్ జమాఖర్చులు చూసేది ఆటగాళ్లు కాదు. కానీ ఆ పరిమితి పెట్టిందే మంచి ఆటగాళ్లంతా ఒకేచోట పోగుపడకుండా ఉండటానికి.

థర్‌స్టన్ దారి వేరు. 2004లో కాంటర్‌బరీ బుల్‌డాగ్స్‌తో టైటిల్ గెలిచాడు. గాయం వల్ల ఆ ఫైనల్ ఆడలేకపోయిన కెప్టెన్ స్టీవ్ ప్రైస్‌కు, విజేతగా తనకొచ్చిన ఉంగరం ఇచ్చేశాడు. మరుసటి ఏడాది నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌లో చేరాడు. బ్రిస్బేన్‌కు 1,300 కిలోమీటర్ల పైచిలుకు దూరాన, టౌన్స్‌విల్‌లో ఉండే క్లబ్ అది. 1995 నుంచి ఆడుతున్నా అప్పటికి ఒక్క టైటిలూ లేదు. థర్‌స్టన్ వెళ్లిన ఏడాదే అది మొదటిసారి గ్రాండ్ ఫైనల్ చేరి ఓడిపోయింది. ఆ సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ పతకం అతనికి వచ్చింది. ఆ పతకాన్ని నాలుగుసార్లు గెలిచిన మొదటి ఆటగాడు అతనే. స్మిత్‌కు రెండు. కౌబాయ్స్‌కు మళ్లీ ఫైనల్ ఆడే అవకాశం రావడానికి పదేళ్లు పట్టింది.

2015 అక్టోబర్ 4, సిడ్నీ, ఆ గ్రాండ్ ఫైనల్. బ్రిస్బేన్ బ్రాంకోస్ 16-12తో ముందుంది. సమయం అయిపోతుండగా మైకేల్ మోర్గన్ పాస్ అందుకుని కౌబాయ్స్ ఆటగాడు కైల్ ఫెల్ట్ కుడి మూలలో ట్రై చేశాడు, అంటే బంతిని గోల్ గీత దాటించి నేలకు తాకించి నాలుగు పాయింట్లు తెచ్చాడు. స్కోరు సమం. మైదానం అంచు నుంచి థర్‌స్టన్ కొట్టిన కన్వర్షన్ (ట్రై తర్వాత దొరికే రెండు పాయింట్ల కిక్) సరిగ్గా వెళ్తున్నట్టే వెళ్లి పోస్టుకు తగిలింది. ముందు పాయింటు సాధించినవాళ్లే గెలిచే అదనపు సమయం, గోల్డెన్ పాయింట్, మొదలవగానే బ్రాంకోస్ ఆటగాడు బెన్ హంట్ కిక్-ఆఫ్‌ను జారవిడిచాడు. కాసేపటికే థర్‌స్టన్ ఫీల్డ్ గోల్ (ఆట నడుస్తుండగా పోస్టుల మధ్యకు కొట్టే ఒక్క పాయింటు కిక్) కొట్టాడు, 17-16. టైటిల్ తెచ్చే కిక్ పోయిన నిమిషాల్లోనే మళ్లీ బంతి తనకే కావాలనడానికి ఎంత గుండె ఉండాలి! ఒంటిచేత్తో గెలిపించాడని మాత్రం అనను. జేసన్ టౌమలోలో, మాట్ స్కాట్, కోచ్ పాల్ గ్రీన్ లేకుండా ఆ సీజన్ లేదు.

స్మిత్ అభిమానులు రెండు సంగతులు ముందు పెడతారు. రెండూ బరువైనవే. 2017లో థర్‌స్టన్ గాయపడ్డా కౌబాయ్స్ ఫైనల్ చేరింది, స్మిత్ జట్టు చేతిలో 34-6తో ఓడింది. అంటే అతను లేకున్నా క్లబ్ నడిచిందిగా అంటారు. నడిచింది, నిజమే. కానీ థర్‌స్టన్, స్కాట్ ఇద్దరూ లేని వెలితి ఆ 28 పాయింట్ల తేడాలో కనిపిస్తుంది. రెండోది 2020. స్లేటర్ రిటైరయ్యాడు, క్రాంక్ ఎప్పుడో వెళ్లిపోయాడు. 37 ఏళ్ల స్మిత్ కెప్టెన్‌గా పెన్రిత్‌ను 26-20తో ఓడించి టైటిల్ గెలిచాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. స్టార్మ్ ఖాతాలో నాకు అన్నిటికన్నా నచ్చిన టైటిల్ కూడా అదే. అయినా పక్కన తోడు తక్కువైన ఏళ్లు ఎవరివి ఎక్కువో చూస్తే నా ఓటు థర్‌స్టన్‌కే.

ఆండ్రూ జాన్స్, డారెన్ లాకియర్ పేర్లు కూడా అడుగుతుంటారు. జాన్స్ న్యూకాజిల్‌కు 1997, 2001 టైటిళ్లు తెచ్చాడు, 2012లో ఆట చరిత్రలోని మహామహులకిచ్చే ఇమ్మోర్టల్ గౌరవం అందుకున్నాడు. నైపుణ్యం ఒక్కటే కొలిస్తే అందరికన్నా పైన పెడతాను, కానీ అతనిది ముందు తరం. లాకియర్‌ది బ్రాంకోస్‌తో 355 మ్యాచ్‌ల నిండైన కెరీర్.

ఒక్క మ్యాచ్ చూసే తీరికే ఉంటే 2017 రెండో ఆరిజిన్ చూడండి. స్మిత్ కెప్టెన్. థర్‌స్టన్ భుజం అప్పటికే దెబ్బతింది. విరామానికి 16-6తో వెనకబడిన క్వీన్స్‌లాండ్, చివర్లో డేన్ గగాయ్ ట్రైతో 16-16కు వస్తుంది. ఆ భుజంతోనే థర్‌స్టన్ కన్వర్షన్ కొట్టి గెలిపిస్తాడు. ఆరిజిన్‌లో అదే అతని చివరి మ్యాచ్.