సిలికాన్ జెల్ షీట్: కాలిన మచ్చకు సరే, గాయం హద్దు దాటి పెరిగే కెలాయిడ్‌కు చాలదు

కాలిన చోట, ఆపరేషన్ కుట్ల మీద మచ్చ ఉబ్బకుండా వేసే సిలికాన్ జెల్ షీట్‌ను నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్ద మెడికల్ షాపుల్లో అడిగితే తెప్పించి ఇస్తారు. ‘మచ్చను మాయం చేస్తుంది’ అన్న మాట నమ్మి మాత్రం కొనకండి. మాయం చేయదు. ఎత్తు, ఎరుపు, దురద తగ్గుతాయి, గట్టిదనం కొంత సడలుతుంది. అంతవరకే ఆశ పెట్టుకుంటే డబ్బులు దండుగ కావు. ఆ మాత్రానికి కూడా పరిశోధనల సాక్ష్యం బలహీనమేనని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షలు చెప్పాయి. అయినా పెద్దగా హాని లేదు కాబట్టి చర్మ వైద్యులు ముందు దీన్నే రాస్తారు.

ఇది లోపలికి ఇంకే మందు కాదు. పైపొర నుంచి నీరు ఆవిరి కాకుండా కప్పి ఉంచుతుంది. తడి నిలిస్తే పైపొర కణాలు కిందికి పంపే ‘మచ్చను ఇంకా కట్టు’ అనే సంకేతాలు తగ్గుతాయి. కట్టే పని లోపొరలోని ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలది. అవి ఇంటెగ్రిన్లు అనే అంటుకునే అణువులతో చుట్టూ ఉన్న కొలాజెన్ అనే ప్రోటీన్ నారల అల్లికను పట్టుకొని లాగుతుంటాయి. మచ్చను పెంచే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ ఆ అల్లికలోనే ఒక తొడుగులో బందీగా ఉంటుంది. ఇంటెగ్రిన్ తొడుగును పట్టి లాగితే అది బయటపడుతుంది. మెత్తటి దుక్కిలో పాతిన గుంజను పగ్గంతో లాగితే గుంజే ఊడొస్తుంది, గట్టి నేలలోనైతే గుంజ కదలదు, పగ్గం తెగుతుంది. మచ్చ గట్టిపడ్డాక జరిగేది అదే. అల్లిక సాగదు, లాగుడంతా తొడుగు మీద పడుతుంది, టీజీఎఫ్-బీటా ఇంకా వస్తుంది. దాంతో ఫైబ్రోబ్లాస్టులు మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి మరింత గట్టిగా లాగుతాయి. రొమ్ము ఎముక మీద, భుజం మీద, అంటే చర్మం ఎప్పుడూ సాగే చోట్ల మచ్చలు ఎక్కువగా ఉబ్బేది ఇందుకే. షీటును మచ్చ ముదరకముందే వేయాలనేదీ ఇందుకే.

పుండు పూర్తిగా మూసుకొని, పొక్కు రాలి, కుట్లు తీశాకే వేయాలి. చీము, తడి ఉంటే వద్దు. మచ్చ అంచు దాటి చుట్టూ ఒక సెంటీమీటరు వచ్చేలా కత్తిరించి, మూలలను గుండ్రంగా చేయండి. కోసుగా వదిలితే బట్టకు తగిలి అక్కడి నుంచే లేస్తుంది. చర్మం మీద నూనె, పౌడరు, క్రీము ఏదున్నా అంటదు. మొదటి రెండు రోజులు 4 గంటలు, తర్వాతి రెండు రోజులు 8 గంటలు, ఆపైన రోజుకు 2 గంటల చొప్పున పెంచుకుంటూ పోవాలి. రోజుకు కనీసం 12 గంటలు, కనీసం రెండు మూడు నెలలు ఉంచితేనే ఫలితం. పెళ్లికో పండుగకో పోయేముందు వారం రోజులు వేసి ‘పని చేయలేదు’ అనేవాళ్లు షీటును తిట్టి లాభం లేదు.

మన దగ్గర అసలు పరీక్ష ఎండాకాలం. చెమట కింద చేరి మొదట అంచు తెల్లగా నాని లేస్తుంది, తర్వాత చిన్న చిన్న చెమటకాయలు, దురద. చాలామంది దీన్ని సిలికాన్ పడలేదనుకొని పారేస్తారు. చాలాసార్లు అది చెమట ఊటే. ఒకటి రెండు రోజులు ఆపి, చర్మం ఆరి మామూలయ్యాక మళ్లీ తక్కువ గంటలతో మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో పగలు పొలంలో, బండి మీద తిరిగేవాళ్లు షీటును సాయంత్రం నుంచి పొద్దుటి దాకా ఉంచి, పగలు సిలికాన్ జెల్ ట్యూబు వాడితే మేలు. జెల్ పలచగా రాయాలి, నాలుగైదు నిమిషాల్లో ఆరాలి. ఆరకుండా జిగటగా ఉందంటే ఎక్కువ రాసినట్టే.

షీటును రోజూ కడగాలి. ఇక్కడి బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి పొర మిగిలి జిగట పోతుంది. భగీరథ నీళ్లో ఫిల్టరు నీళ్లో గోరువెచ్చగా చేసి, ఘాటు లేని సబ్బుతో వేలితో రుద్ది, గాలికి ఆరబెట్టండి. తువ్వాలుతో తుడిస్తే నూలు పోగులు అంటుకుంటాయి. బాగా చూసుకుంటే ఒక ముక్క సుమారు నెల వస్తుంది, దుమ్ములో అంతకన్నా తక్కువే. పెద్ద షీటు కొని రెండు ముక్కలు చేస్తే ఒకటి ఆరేలోపు ఇంకొకటి వేయొచ్చు.

మా లెక్కలో ఆర్నెల్లలోపు కాలిన మచ్చకు, సిజేరియన్ కుట్లకు ఈ షీటుకు 5కు 4 మార్కులు. గాయం హద్దు దాటి పాకిన కెలాయిడ్‌కు 5కు 1, అదీ ఇంజెక్షన్లకు తోడుగానే. దానికి ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్‌ను మచ్చలోకే, మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల బలంతో, 4–6 వారాలకోసారి ఇస్తారు. చుట్టూ చర్మం పలచబడటం, తెల్లబడటం దాని దుష్ఫలితాలు. వేరే చికిత్స తోడు లేకుండా కోసి తీయిస్తే కెలాయిడ్ చాలామందికి తిరిగొస్తుంది, ఒక్కోసారి ముందుకన్నా పెద్దదిగా.

గాయమే లేకుండా వేళ్లు, ముఖం బిగుసుకుపోతూ, చలికి వేళ్లు తెల్లబడుతుంటే షీటుతో కాలక్షేపం చేయొద్దు. అది చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా అనే జబ్బు కావచ్చు. అందులో రక్తనాళాల లోపలి గోడ మీద ఐకామ్-1, వీకామ్-1 లాంటి అంటుకునే అణువులు పెరిగి తెల్లకణాలను పట్టి చర్మంలోకి దించుతాయి. పైన వేసే ఏ పట్టీ అక్కడిదాకా చేరదు. ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టును కలవాలి.

ఇంటెగ్రిన్‌ను ఆపే క్రీము అని ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్మితే కొనకండి. ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే ఫైబ్రోసిస్‌కు ఆల్ఫా-వి బీటా-6 అనే రకం ఇంటెగ్రిన్‌ను అడ్డుకునే యాంటీబాడీ మందును మనుషుల మీద పరీక్షిస్తూ, భద్రత సమస్యలతో మధ్యలోనే ఆపేశారు.