ఆగస్టులో పిలిస్తే మేలో చేశాడు మేస్త్రీ: మా సంపు రిపేరు

మా ఇల్లు హైదరాబాద్ రామంతాపూర్‌లో, చెరువుకు దిగువన. ఇంటి ముందు గేటు పక్కనే సంపు, అంటే నల్లా నీళ్లు నిలవ చేసుకునే నేల కింది తొట్టి. 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 లోతు, అంటే దాదాపు 6,800 లీటర్లు. 9 అంగుళాల ఇటుక గోడ, లోపల ప్లాస్టరింగ్. కట్టి పద్దెనిమిదేళ్లయింది.

ఎండాకాలంలో రాత్రి నిండా పట్టుకుంటే పొద్దున్నకు రెండంగుళాలు దిగేది. నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితమని 2021లో స్కీము వచ్చాక మేమూ పెద్దగా పట్టించుకోలేదు. పోతే నీళ్లే కదా అనుకున్నాం. ఆ తర్వాత ఒక కాంట్రాక్టరును పిలిస్తే పాత ప్లాస్టరింగ్ మీదే వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపిన మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) ఒక పూత వేసి, ఒక్క రోజులో పని ముగించి, 14,000 తీసుకుని పోయాడు. పదేళ్ల గ్యారంటీ కార్డు ఇచ్చాడు. కార్డు ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది, దాని మీదున్న నంబరే కలవదు. మళ్లీ ఎండలొచ్చేసరికి అదే రెండంగుళాలు.

అసలు భయం పోయినేడాది ఆగస్టులో పట్టుకుంది. అత్తయ్య చాయ్ ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టేసింది. "నీళ్లు మారినయా ఏందే?" అంది. ఆమె నాలుకను తక్కువ అంచనా వేయకూడదని నాకు తెలుసు. ఆర్వో ఫిల్టర్ కోసం కొన్న టీడీఎస్ పెన్ను తీసి చూశాను. నీళ్లలో కరిగిన లవణాలు ఎంత ఉంటే నంబరు అంత ఎక్కువ చూపిస్తుంది. నల్లా నుంచి నేరుగా పట్టిన నీళ్లు 280. సంపులో ముందురోజు రాత్రి అడుగు లోతు మిగిలిన నీళ్లు పొద్దున్నకు 370. పైగా స్కేలు కర్ర పెట్టి చూస్తే నీళ్లు తగ్గలేదు, రెండంగుళాలు పెరిగాయి! నల్లా రోజు కాదు. వాన నీళ్లు పడే సందు లేకుండా మూత మీద టార్పాలిన్ కప్పి ఉంది. ఎదురింటి బోరు నీళ్లు ఒక గ్లాసు అడిగి తెచ్చి ముంచితే 950.

ఎండాకాలంలో బయటికి పోయే దారినే వానాకాలంలో నేల నీళ్లు లోపలికి వస్తున్నాయన్నమాట. మా డ్రైనేజీ పైపు సంపుకు నాలుగడుగుల దూరంలోనే వెళ్తుంది. ఆ సంగతి గుర్తొచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

మా వీధి చివర కొత్త ఇంటికి పని చేస్తున్న మేస్త్రీని తీసుకొచ్చాను. ముప్పై ఏళ్లుంటాయి. మూత తీసి టార్చి వేసి చూశాడు, దిగలేదు. నేను అడ్వాన్స్ ఇవ్వబోతే వద్దన్నాడు. "ఇప్పుడు పట్టిస్తే పైసలు దండుగ అక్కా. బయటి నీళ్లు గోడను లోపలికి నూకుతున్నయి. మనం పూసింది గూడ నూకి పడేస్తది. ఎండలు ముదరనియ్యి, నేనే వస్త" అన్నాడు. నేనీ రివ్యూ రాయడానికి కారణం ఆ మాటే. చేతికొచ్చిన పని, చేతికొచ్చిన డబ్బు వద్దని పోయిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అప్పటిదాకా తాగడానికి, వంటకు నల్లా దగ్గరే డ్రమ్ములు పెట్టి పట్టుకోమన్నాడు. తొమ్మిది నెలలు అలాగే నెట్టుకొచ్చాం.

మేలో రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు, అది వేరే సంగతి. సంపు ఖాళీ చేసి, మూత తీసి, పెద్ద ఫ్యాన్‌తో గంటసేపు లోపలికి గాలి కొట్టించి, పైన ఒక మనిషిని నిలబెట్టి గాని దిగలేదు. మూసి ఉన్న సంపులో గాలి ఆడక మనుషులు పోయిన సంగతులు వింటూనే ఉన్నాం కదా, ఇది చూశాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

మొదటి రోజంతా పూత జోలికే పోలేదు. సుత్తి మొనతో గోడంతా తట్టుకుంటూ వచ్చాడు. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గుండ్రం గీశాడు. పోయినసారి వేసిన మాలు చాలా చోట్ల అట్లలాగా పెచ్చులుగా ఊడి వచ్చింది. కింద నాచు అలాగే ఉంది, కడక్కుండానే పూసేశారు మరి.

అంత ఎండలోనూ చెరువు వైపు మూల చెమరుస్తూనే ఉంది. అక్కడ ఉలితో రూపాయి బిళ్లంత గుంత తవ్వాడు. త్వరగా గట్టిపడే బూడిద రంగు సిమెంటు పొడి గుప్పెడు తీసుకుని నాలుగు చుక్కల నీళ్లతో అరచేతిలో ముద్ద చేశాడు. వెంటనే పెట్టలేదు. ముద్ద చేతిలో వెచ్చబడే దాకా ఆగి, గుంతలో కుక్కి, బొటనవేళ్లు రెండూ ఆనించి కదలకుండా నిలబడ్డాడు. పైనుంచి నేను ఫోన్‌లో టైం చూస్తున్నాను. నాలుగు నిమిషాలకు చేయి తీశాడు. చెమ్మ లేదు. నన్నూ తాకి చూడమన్నాడు, కానీ ఆ నిచ్చెన దిగే ధైర్యం నాకు లేకపోయింది.

గోడా అడుగూ కలిసే మూల చుట్టూ మాలుతో గుండ్రంగా తిప్పాడు. నల్లా పైపు, మోటరు పైపు గోడలోంచి వచ్చే చోట్ల చుట్టూ తవ్వి మళ్లీ నింపాడు. లీకులు చాలావరకు ఈ మూలల్లోనూ పైపుల దగ్గరేనట. తర్వాత గోడ తడిపి, కారే నీళ్లు తుడిచి, డాక్టర్ ఫిక్సిట్ పిడిఫిన్ 2కె అనే వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు. పొడి ఒకటి, పాలలాంటి ద్రవం ఒకటి, రెండూ కలిపి బ్రష్‌తో. మొదటి పూత అడ్డంగా, మర్నాడు రెండోది నిలువుగా. ఎపాక్సీ పెయింటు వేయించమని మా తమ్ముడు ఫోన్‌లో ఒకటే పోరు. తేమ పట్టిన ఇటుక గోడ మీద అది నిలవదని మేస్త్రీ ఒక్క మాటతో తేల్చేశాడు.

వారం ఆరనిచ్చి నింపాం. మేకుతో నీళ్ల మట్టం దగ్గర గీత గీశాడు. "మొదటి రోజు గోడ తాగుతది, లెక్కపెట్టకు. రెండో రోజు నుంచి చూడు" అన్నాడు. మొదటి రోజు పావంగుళం దిగింది. తర్వాత మూడు రోజులు గీత మీదే. ఆ నీళ్లు చెట్లకు పోసి, రెండుసార్లు కడిగాక వాడకం మొదలుపెట్టాం.

మొత్తం 19,500 అయింది. బిల్లు లేదు, ఫోన్‌పేలో పంపానంతే. లోపాలు లేవని కాదు. నా రెండు బకెట్లకు సిమెంటు పట్టించి పోయాడు. మూత అంచు నేలమట్టానికి ఉందని, వాకిలి కడిగిన నీళ్లు సంపులోకే పోతున్నాయని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆరంగుళాలు ఎత్తు లేపడానికి మళ్లీ 1,200 అడిగాడు. అంత చూసినవాడు అదెలా వదిలేశాడో! ఐదుకు నాలుగు ఇస్తున్నాను, తగ్గిన ఆ ఒకటీ మూత గురించే.

మా తోడికోడలు వాళ్లు నారపల్లిలో కొత్త ఇల్లు కడుతున్నారు. వాళ్లకు మాత్రం ఇటుక సంపు వద్దనే చెప్పాను. నీళ్ల ట్యాంకుల కాంక్రీటుకు ఐఎస్ 3370 అని ఒక స్టాండర్డ్ ఉంది, అందులో ఇనుప చువ్వలు వేసి పోసే కాంక్రీటుకు (ఆర్‌సీసీ) కనీసం ఎం30 గ్రేడు అంటుంది. ఎం పక్కన నంబరు ఎంత పెద్దదైతే కాంక్రీటు అంత గట్టిది. స్లాబుకు వేసే ఎం20 మిగిలితే అదే సంపుకు పోసేస్తామన్నారట వాళ్ల బిల్డరు.

ఈ ఆగస్టులో కావాలనే అడుగు నీళ్లు మిగిల్చి, కర్రతో కొలిచి, మూత వేశాను. రాత్రంతా వాన. పొద్దున మట్టం కదల్లేదు. పెన్ను ముంచితే 282. ఓవర్‌ఫ్లో పైపు పక్కన అరచేయంత తేమ మరక ఒకటి కనబడింది, ఫోటో తీసి పంపాను. "ఆదివారం వస్త అక్కా" అన్నాడు. ఏ ఆదివారమో చెప్పలేదు.