పసిఫికల్ ముద్ర ఉన్న ట్యూనా డబ్బా: రుచికి 3, దాని వెనకున్న పనికి 5

ముందు రుచి సంగతి చెప్పేస్తా, చాలామందికి కావాల్సింది అదే కదా. ఇది స్కిప్‌జాక్ రకం ట్యూనా, ఉప్పునీళ్లలో ప్యాక్ చేసింది. నీళ్లు వంచేశాక చూస్తే ముక్కలు మరీ పొడిపొడి అయిపోలేదు, ఫోర్క్‌తో విడదీస్తే పొరలు పొరలుగా వస్తున్నాయి. రంగు కాస్త ముదురు, నీచు వాసన కొంచెం ఎక్కువే. తెల్లగా ఉండే ఆల్బకోర్ రకం ట్యూనా అలవాటైనవాళ్లకి ఇది అంతగా ఎక్కకపోవచ్చు. ఉప్పు సరిగ్గా ఉంది. రుచి గురించి ఇంతే.

నేను మాత్రం ఇదే వెతుక్కుని కొంటా, కారణం వేరే. డబ్బా మీదున్న కోడ్‌ని పసిఫికల్ వాళ్ల సైట్‌లో కొడితే ఆ చేపని ఏ ఓడ పట్టింది, ఏ సముద్రంలో పట్టింది, ఎలా పట్టింది అన్నీ వచ్చేస్తాయి. ఈ పసిఫికల్ అనేది పీఎన్ఏ (పార్టీస్ టు ద నౌరు అగ్రీమెంట్) అనే పసిఫిక్ దీవుల దేశాల కూటమి పెట్టించిన మార్కెటింగ్ కంపెనీ. కూటమిలో ఉన్నవి కిరిబాటి, తువాలు, నౌరు, పలావు, మార్షల్ దీవులు, మైక్రోనేషియా, సాలమన్ దీవులు, పాపువా న్యూగినీ, మొత్తం 8 దేశాలు, 1982లో నౌరు ఒప్పందం మీద సంతకాలతో మొదలైంది. పాపువా న్యూగినీ పెద్దదే, మిగతావి చూస్తే తువాలు నేల మొత్తం 26 చదరపు కిలోమీటర్లు. కిరిబాటికి నేల 811 చదరపు కిలోమీటర్లే కానీ దాని హక్కులో ఉన్న సముద్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు! ప్రపంచంలో పట్టే స్కిప్‌జాక్‌లో సగం దాకా ఈ 8 దేశాల నీళ్లలోంచే వస్తుంది.

అంత చేప ఉండి కూడా చాలా ఏళ్లు వీళ్లకి దక్కింది చిల్లరే. జపాన్, తైవాన్, కొరియా, అమెరికా ఓడలు వచ్చి పట్టుకుపోయేవి, ఒక దేశం రేటు పెంచుదామంటే మేం పక్క దేశానికి పోతాం అనేవాళ్లు, పాపం ఒంటరిగా ఏ దేశం నిలబడుతుంది. అందుకే 2007లో అందరూ కలిసి వెసెల్ డే స్కీమ్ అని పెట్టారు. అమ్మేది చేపని కాదు, రోజుల్ని. ఏడాదికి ఇన్ని రోజులు అని మొత్తం లెక్క కట్టి దేశాల మధ్య పంచుకుంటారు, పెద్ద పెద్ద రింగు వలల ఓడలు మా నీళ్లలో వేటాడాలంటే రోజుకి ఇంత కట్టాలి, ఫలానా రేటుకి తక్కువ ఎవ్వరూ అమ్మకూడదు అని కట్టుబాటు. ఆ కనీస రేటు 2012లో 5,000 డాలర్లు, 2015కి 8,000 డాలర్లు. 2010లో అందరికీ కలిపి 6 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉన్న రాబడి పదేళ్లు తిరక్కుండానే 50 కోట్ల దాకా వెళ్లింది. 2016 మొదట్లో అమెరికా ఓడలు ఒప్పుకున్న డబ్బు కట్టలేదు, వీళ్లు లైసెన్సులు ఇవ్వలేదు, ఓడలు ఆగిపోయాయి, చివరికి మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. అమెరికాతో అలా పట్టుబట్టి కూర్చోవడం, విడివిడిగా ఉంటే అయ్యే పనేనా చెప్పండి.

నాకు ఇందులో బాగా నచ్చింది రోజుల్ని ఒకరికొకరు అమ్ముకునే ఏర్పాటు. ఎల్ నినో వస్తే, అంటే పసిఫిక్‌లో వేడి నీళ్లు తూర్పుకి జరిగే ఏడాది, వాటితో పాటు ట్యూనా కూడా తూర్పుకి, కిరిబాటి వైపు పోతుంది, దానికి ఉల్టా అయిన లా నినా వస్తే పడమటికి, పాపువా న్యూగినీ వైపు. చేప లేని ఏడాది మన వాటా రోజులు చేప ఉన్న దేశానికి అమ్మేసుకోవచ్చు, దాంతో ఎవరి ఖజానా పూర్తిగా ఖాళీ అవ్వదు. చేపకి సరిహద్దులు తెలీవు కాబట్టి హక్కులే చేప వెంట నడిచేలా చేశారు, ఎంత బుర్ర పెట్టారో చూడండి.

ఇక లోపాలు. నా చేతిలో ఉన్న డబ్బా థాయ్‌లాండ్‌లో ప్యాక్ అయింది. చేప వాళ్లది, ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఎక్కువ శాతం వేరేవాళ్లవి. సాలమన్ దీవుల్లో నోరో అనే ఊళ్లో, పాపువా న్యూగినీలో క్యానరీలు (చేపని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు) ఉన్నాయి కానీ చిన్న దీవుల్లో మంచినీళ్లకే కటకట, అక్కడ ఫ్యాక్టరీ అంటే మాటలు కాదు. ఓడల మీద లెక్కలు రాసే అబ్జర్వర్ల భద్రత ఇంకో పెద్ద బాధ, వాళ్లలో కొందరు సముద్రం మీదే ప్రాణాలు పోగొట్టుకున్నారు, డబ్బా మీద ఆ సంగతి ఎక్కడా ఉండదు. పైగా రోజు అదే అయినా ఓడలు మెరుగయ్యేకొద్దీ ఒక్క రోజులో పట్టే చేప పెరుగుతుంది, ఆ లెక్క ఎప్పటికప్పుడు సరిచేయకపోతే స్కీమే బలహీనపడుతుంది. వీటికే ఒక స్టార్ తీసేసి మొత్తం మీద 5కి 4 ఇస్తున్నా.

కొనేవాళ్లు ఒక్కటి చూసుకోండి. సముద్రానికి చేటు లేకుండా పట్టిన చేపకి సర్టిఫికెట్ ఇచ్చే ఎమ్మెస్సీ అనే సంస్థ నీలం గుర్తు చాలా డబ్బాల మీద ఉంటుంది, అది ఉన్నంత మాత్రాన ఈ దీవుల చేప అని కాదు. పసిఫికల్ పేరు విడిగా ఉందా లేదా చూడండి, ఈ దీవుల్లో ఫ్యాడ్‌లు (చేపల్ని ఒకచోటికి రప్పించడానికి నీళ్ల మీద తేలేలా వదిలే సాధనాలు) లేకుండా, మామూలుగా గుంపులో తిరిగే స్కిప్‌జాక్‌ని పట్టినదానికే 2011లో ఆ సర్టిఫికెట్ మొదట వచ్చింది. కోడ్ చిన్న అక్షరాల్లో ఉంటుంది, డబ్బా పారేయకముందే ఫోటో తీసి పెట్టుకోండి.