ఓర్వకల్లు నుంచి విమానం: మా నాయిన మోకాళ్ల లెక్కన ఒక సమీక్ష

ఓర్వకల్లు అంటే కర్నూలు విమానాశ్రయం. ముందే చెప్పేస్తున్నా, నేను ఇక్కడ రాసేది నడక గురించి. రన్‌వే పొడవు, టెర్మినల్ అద్దాలు కావాలంటే వేరేచోట చూసుకోండి.

మాది గద్వాల. అక్కాబావలు వైజాగ్‌లో ఉంటారు. నాయినకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, అయినా ఏడాదికి రెండుసార్లు బిడ్డను చూడకపోతే ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వడు. 2021 మార్చి 28న ఓర్వకల్లులో విమానాలు మొదలయ్యేదాకా మా దారి ఎట్లా ఉండేదంటే, గద్వాల నుంచి కాచిగూడకు ఒక రైలు, అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు ఆటో, మళ్లీ రాత్రంతా ఇంకో రైలు, మధ్యలో ఆ ఓవర్‌బ్రిడ్జి మెట్లు. ఒకసారి శంషాబాద్ నుంచి విమానంలో కూడా తీసుకెళ్లాను. వీల్‌చైర్ అడుగుదామంటే "నేనేమన్న సచ్చిపోతున్ననారా" అని మొత్తం నడిచాడు, గేటు దగ్గరికి చేరేసరికి ఆయన ముఖం చూసి నాకే ఏడుపొచ్చింది.

అందుకే ఓర్వకల్లు మొదటి ప్రయాణం నాకింకా గుర్తుంది. కారు దిగిన చోటి నుంచి విమానంలో సీటు దాకా నాయిన కర్ర ఆనించి ఆగింది రెండేసార్లు. అందులో ఒకటి కాలు నొప్పికి కాదు, విమానం రెక్క మీదున్న పంకాను చూడటానికి. లోపల చెకింగ్, కాస్త కూర్చోవడం, తలుపు తీశారు, ఎండలో కొంచెం నడక, విమానం ఎదురుగా ఉంది. ఇవి ఏటీఆర్-72 రకం చిన్న విమానాలు, ఎక్కే తలుపు తోక వైపు ఉంటుంది. ఈ ముక్క ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా: ముసలివాళ్లకు చివరి వరుసల్లో సీటు తీసుకోండి, ఎక్కగానే కూర్చోవచ్చు. పెద్ద విమానాల అలవాటు కొద్దీ నేను మొదటిసారి ముందు సీట్లు బుక్ చేసి, ఆ సన్నటి దారిలో ఆయన్ను ముందుదాకా నడిపించాను. సీట్లు అటు రెండు, ఇటు రెండు, మధ్యలో ఇరుక్కునే బాధ లేదు. చప్పుడు మాత్రం ఉంటుంది, మా నాయినకు ఎట్లాగూ చెవులు సరిగా వినపడవు కాబట్టి ఆ విషయంలో మా తీర్పు చెల్లదు.

మొదటి ఏడాది నేను ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో ఇదే మాట: రైలు ఏసీ టికెట్‌కు కొంచెం కలిపితే విమానం ఎక్కొచ్చు. ఇప్పుడు ఆ మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలని కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అని చెప్పిన ధర విమానంలో సుమారు సగం సీట్లకే. అవి అయిపోయాక మిగిలినవి మామూలు రేటు. పండక్కి వారం ముందు నేను చూసిన రేటుకు కుటుంబమంతా కారులో పోయి రావచ్చు. పైగా రోజూ ఉండదు. మొదట్లో వైజాగ్‌కు వారానికి నాలుగు రోజులు, అక్టోబర్‌లో ఒకసారి మార్చిలో ఒకసారి టైంటేబుల్ మారినప్పుడల్లా అవీ అటూ ఇటూ అవుతాయి. విజయవాడ సర్వీసు 2025 జులైలో వచ్చింది, అదీ వారానికి మూడు రోజులతోనే మొదలైంది. నాలుగో రోజు పని పడితే నీ ఖర్మ.

అసలు కథ ఒక ఆగస్టులో జరిగింది. వైజాగ్ నుంచి తిరిగి వస్తున్నాం. ఓర్వకల్లులో కారుతో ఎదురుచూస్తున్న మా చిన్నాయన కొడుకు వాన దంచుతోందని మేము ఎక్కకముందే ఫోన్ చేశాడు, మనకేం, ఆగుతుందిలే అనుకున్నా. ఓర్వకల్లు పైకి వచ్చాక కిటికీ నిండా మబ్బు. చుట్టూ తిరుగుతోంది, దిగడం లేదు. మబ్బుల సందులోంచి ఎర్రటి నీళ్లు కనపడ్డాయి, కొంచెం సేపటికి మళ్లీ అవే నీళ్లు. "ఏందిరా, మన తుంగభద్రనే గదా ఇది, ఇంత ఎర్రగ ఏ ఏరు పారుతది? ఊరు కిందనే ఉండంగ దింపడేంది?" అని నాయిన పక్కసీటాయనకు కూడా వినపడేట్టు అడిగాడు. మూడోసారి ఏరు కనపడ్డాక మైకులో చెప్పారు, ఓర్వకల్లులో దిగడానికి వీల్లేదు, హైదరాబాద్ పోతున్నాం.

అంటే శంషాబాద్. ఏ నడక తప్పించుకోవడానికి ఈ ఏర్పాటంతా చేసుకున్నామో ఆ నడకే. ఈసారి నేను అడగకుండానే వీల్‌చైర్ తెచ్చి పెట్టారు. నాయిన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనకుండా కూర్చున్నాడు.

వాన ఎవరి చేతిలోనూ లేదు, విమానం వాళ్లను తప్పుపట్టను. కాకపోతే పెద్ద విమానాశ్రయంలో అయితే రెండు గంటల తర్వాత ఇంకోటి ఉంటుంది, మా దానికి ఇంకోటి అంటే ఎల్లుండే. కర్నూలు దాకా బస్సు పెట్టారు. జడ్చర్ల దాటాం, అడ్డాకుల దాటాం. అడ్డాకుల మండలం గుడిబండలో విమానాశ్రయం అని ప్రభుత్వం వాళ్ల జాబితాలో ఏళ్ల నుంచి ఉంది. శంషాబాద్ వాళ్ల ఒప్పందంలో 150 కిలోమీటర్ల నిబంధన ఒకటుంది, వాళ్లు ఊ అంటే తప్ప 25 ఏళ్ల దాకా ఆ దూరంలో ఇంకోటి రాకూడదు, అందుకే నేనైతే దానిమీద ఆశ పెట్టుకోలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక ఎర్రవల్లి చౌరస్తా వస్తుంది. మా గద్వాలకు తిరిగేది అక్కడే! డ్రైవరేమో లిస్టులో కర్నూలు అని ఉంది, మధ్యలో దింపనంటాడు. నాయిన లేచి నిలబడి "మా ఇల్లు ఎన్కకు పోతుంది బిడ్డా, ఆపు" అన్నాడు. ఆపాడు. మా పెట్టెలు అందరి పెట్టెల కింద ఉన్నాయి, వానలో అన్నీ దించి మళ్లీ ఎక్కించాడు పాపం. కారుతో ఉన్న ఆ తమ్ముడు ఓర్వకల్లు నుంచి 60 కిలోమీటర్లు వెనక్కి వచ్చేదాకా చౌరస్తాలో చాయ్ కొట్టు రేకుల కింద కూర్చున్నాం.

అయినా తర్వాత మళ్లీ ఓర్వకల్లు నుంచే పోయాం. గద్వాల, అయిజ, అలంపూర్, మొత్తం నడిగడ్డ వాళ్లకు, అందులోనూ ఇంట్లో కర్ర పట్టుకున్న మనిషి ఉంటే, రోజులు కుదిరితే, కారు ఉంటే, వానాకాలం కాకపోతే పోవచ్చు అనే చెప్తా. కారు లేకపోతే మాత్రం కర్నూలు నుంచి ఆటోవాళ్లతో బేరం మీ ఓపిక. వనపర్తి వాళ్లు లెక్క వేసుకోండి. పాలమూరు, నల్లగొండ వాళ్లకైతే శంషాబాదే దగ్గర, ఇటు రావడం దండగ.

మొన్న మళ్లీ వైజాగ్ మాట వచ్చింది. టికెట్లు చూస్తూ, చివరి వరుసలో సీటు దొరికింది, నడిచే పనే లేదు అన్నాను. నాయిన కాసేపు ఊరుకుని, "ఆ శంషాబాద్ల కూసున్న కుర్చీ, అసొంటిది అక్కడ ఉంటదా?" అన్నాడు.