విండోస్ విస్టా: ఐదేళ్ళ ఆలస్యం, నెల్లూరు కౌంటరు మీద ఇంకో తొమ్మిది నెలలు

కావలిలో మూడు కంప్యూటర్లతో డీటీపీ సెంటరు నడుపుకుంటున్న నాకు ఆపరేటింగ్ సిస్టమ్ అనేది సరదా విషయం కాదు. మాఘమాసంలో శుభలేఖలు, పరీక్షల కాలంలో జవహర్ భారతి కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టు రికార్డులు, మిగిలిన రోజుల్లో అర్జీలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు ఆటంకం లేకుండా ప్రింటరు దాకా చేరడానికి కావలసిన పనిముట్టు అది. ఆ పనిముట్టు కోసం నిరుడు, అంటే 2006 జూలై నుంచి ఈ 2007 ఏప్రిల్ వరకు నేను తిప్పలు పడిన తీరును, చివరికి చేతికి వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి విండోస్ విస్టా హోమ్ బేసిక్ (ఇళ్ళలో వాడేవారి కోసం అమ్మే రకం) పనితనాన్ని, దాన్ని నాకు అమ్మిన నెల్లూరు దుకాణం వ్యవహారాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను. నా డబ్బు, నా సమయం ఈ మూడింటి మధ్య కలిసే పోయాయి కాబట్టి విడదీసి రాయడం కుదరలేదు.

నిరుడు ఆషాఢంలో, పని పలచగా ఉండే రోజుల్లో, పాత యంత్రాల్లో ఒకటి మొరాయించింది. మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు నెత్తిన ఉబ్బి, ఒకదాని మొదట్లో గోధుమరంగు జిగురు కారి గట్టిపడి ఉంది. అంతకు ముందు రెండు యంత్రాలు కొన్న నమ్మకంతో, నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి చీలిన సందులో ఉన్న దుకాణానికే మళ్ళీ వెళ్ళాను. యజమాని కాఫీ తెప్పించి, "ఇప్పుడు తీసుకుంటే నష్టపోతారు సార్, దీపావళికి కొత్త విండోస్ దిగతా ఉండాది, దాంతోనే కట్టిస్తా" అని చెప్పి ఐదు వేలు అడ్వాన్సు తీసుకున్నారు. నేను రెండు యంత్రాలతోనే నెట్టుకొస్తూ దీపావళి దాకా ఆగాను. పండుగ వెళ్ళాక ఫోను చేస్తే సంక్రాంతి అన్నారు. సంక్రాంతి దగ్గరపడ్డాక ఉగాది అనే మాట కూడా ఒకసారి ఆయన నోట వినిపించింది.

తరవాత వెతికి చదివినప్పుడు తెలిసిన సంగతి ఏమిటంటే, ఆయన నాకు దీపావళి గడువు చెప్పడానికి నాలుగు నెలల ముందే, 2006 మార్చి 21న, ఏడాది చివరి పండుగ అమ్మకాలకు విస్టా అందదని, సామాన్య కొనుగోలుదారులకు 2007 జనవరిలోనే ఇస్తామని మైక్రోసాఫ్ట్ బహిరంగంగా ప్రకటించింది. కాబట్టి ఆ దీపావళి గడువు కంపెనీ పెట్టింది కాదు, కౌంటరు మీద పుట్టింది. కంపెనీ చేసిన ఆలస్యం ఒకటైతే, దాని మీద మన ఊళ్ళలో అమ్మేవారు తమ అడ్వాన్సు పోకుండా పేర్చిన వాయిదాలు మరొకటి. నా కోపంలో ఎక్కువ పాలు రెండోదాని మీదే ఉంది.

అయితే కంపెనీ ఆలస్యం చిన్నదేమీ కాదు. విస్టాకు ముందరి విండోస్ అయిన ఎక్స్‌పీ విడుదలైంది 2001 అక్టోబరు 25న; విస్టా దుకాణాలకు వచ్చింది 2007 జనవరి 30న. మధ్యలో ఐదేళ్ళ మూడు నెలలు. ఎక్స్‌పీ తయారీలో ఉన్నప్పుడు దాని రహస్యనామం విస్లర్, ఆ తరవాత రావలసిన పెద్ద మార్పుకు పెట్టుకున్న పేరు బ్లాక్‌కూంబ్. రెండూ కెనడాలోని పక్కపక్క కొండల పేర్లు. ఆ కొండల దగ్గరి ఒక మద్యశాల పేరైన లాంగ్‌హార్న్‌ను ఈ రెండింటి నడుమ చిన్న మజిలీగా తలపెట్టిన విడుదలకు పెట్టారు. ఆ మజిలీలోనే బండి ఐదేళ్ళు ఆగిపోయింది.

ఆగడానికి కారణాలు లేకపోలేదు, వాటిలో ఒకటి గౌరవించదగినది కూడా. 2002 జనవరిలో బిల్ గేట్స్ భద్రతకు మొదటి స్థానం ఇవ్వాలని ఉద్యోగులకు రాశారు. 2003 ఆగస్టులో వైరస్ లాంటి బ్లాస్టర్ పురుగు అరవై సెకన్లు లెక్కబెట్టి యంత్రాలను ఆపేసిన రోజులు నెట్ సెంటర్ల వారికి గుర్తుండే ఉంటాయి. దాంతో ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్, అంటే దిద్దుబాట్ల మూట, తయారుచేసే పని పెద్దదై, 2004 ఆగస్టులో అది వచ్చేదాకా లాంగ్‌హార్న్ మీద పనిచేయవలసిన మనుషులు దాని మీద పనిచేశారు. రెండో కారణానికి మాత్రం నేను గౌరవం ఇవ్వలేను. 2003 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ సభలో చూపించిన మూడు మూలస్తంభాల్లో ఒకటైన విన్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్ళ అమరికను 2004 ఆగస్టులో పక్కన పెట్టి, అప్పటిదాకా రాసినదాన్ని చాలావరకు వదిలేసి, విండోస్ సర్వర్ 2003 పునాది మీద మళ్ళీ మొదలుపెట్టారు. గోడలు లేచాక పునాది సరిగా లేదని తెలుసుకున్న మేస్త్రీకి మనం కూలి ఇస్తామా? విస్టా అనే పేరు కూడా ఆ తరవాతే, 2005 జూలైలో పెట్టారు.

ఇంకో విషయం నన్ను ప్రత్యేకంగా బాధించింది. విస్టా తయారీ 2006 నవంబరు 8న ముగిసి, 30న వ్యాపార సంస్థలకు విడుదలైంది. ఇళ్ళలో వాడేవారు మాత్రం మరో రెండు నెలలు ఆగవలసి వచ్చింది. నేను మున్సిపాలిటీకి ట్రేడ్ లైసెన్సు కడుతున్నాను, కరెంటు బిల్లు వాణిజ్య కేటగిరీలో కడుతున్నాను, అయినా ఆ క్యాలెండరులో నేను వ్యాపారిని కాదు. నవంబరు విడుదల టోకున లైసెన్సులు తీసుకునేవారికి, అంటే కనీసం ఐదు కొనేవారికి. మూడు కంప్యూటర్ల సెంటరు వారి లెక్కలో ఇల్లే. కావలి, కందుకూరు, గూడూరు లాంటి ఊళ్ళలో కంప్యూటరు మీద బతికేవారిలో ఎక్కువమంది నాలాంటి ఇళ్ళవారే.

దీపావళి దాటాక ఆగలేక, నవంబరు చివర ఎక్స్‌పీతోనే యంత్రం కట్టించుకున్నాను. పెంటియం ప్రాసెసరు, 915 చిప్‌సెట్టు బోర్డు, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్‌డిస్కు, సీడీ రైటరు. అక్టోబరు 26 తరవాత లైసెన్సు గల ఎక్స్‌పీతో కంప్యూటరు కొన్నవారికి విస్టాకు మారే అవకాశం ఇచ్చే పథకం ఒకటి నిజంగానే ఉంది. మార్చి 15తో ముగిసింది. యజమాని ఆ పథకం పేరు చెప్పి, బిల్లు వెనక నీలి సిరాతో "విస్టా ఫ్రీ" అని రాసి, దాని మీద దుకాణం రబ్బరు స్టాంపు వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి ఇచ్చారు. ఫిబ్రవరిలో ఆ కాగితం పట్టుకుని వెళితే అది ఎక్కడా చెల్లదని తేలింది. పథకానికి కావలసింది యంత్రం మీద అతికించిన లైసెన్సు స్టిక్కరు. నా యంత్రం మీద దుకాణం స్టిక్కరు తప్ప వేరేది లేదు. లోపల వేసిన ఎక్స్‌పీకి లైసెన్సు ఉందా అని కొనేటప్పుడు నేనూ అడగలేదు. తక్కువకు వస్తోందని సంతోషించి ఊరుకున్నాను, ఆ తప్పు నాదే.

డబ్బు కట్టి విస్టా కొన్నాక ఖర్చులు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. అది డీవీడీ మీద వస్తుంది, నా యంత్రంలో ఉన్నది సీడీ రైటరు. డీవీడీ డ్రైవు కొన్నాను. కనీస అవసరంగా కంపెనీ చెప్పిన 512 ఎంబీ నా దగ్గర ఉన్నా, అది విస్టా మేలుకోవడానికి సరిపోతుంది గానీ దాని మీద మనం పని చేసుకోవడానికి చాలదు. రెండు వేల పైచిలుకు పెట్టి మరో 512 వేయించాను. కిటికీల అంచులు అద్దంలా కనిపించే ఏరో అందాన్ని చూపించి నన్ను ఊరించిన యజమాని, ఆ అద్దం హోమ్ బేసిక్‌లో ఉండనే ఉండదని గానీ, 915 బోర్డులోని గ్రాఫిక్స్‌కు దాన్ని చూపే శక్తి లేదని గానీ చెప్పలేదు. జూలై నుంచి నవంబరు దాకా నన్ను ఆపింది విస్టా కోసమే అయినప్పుడు, కట్టిన యంత్రమైనా విస్టాకు తగినది కావాలి కదా?

ఇక సరుకు సంగతి. ర్యామ్ పెంచాక విస్టా ఎక్స్‌పీ అంత చురుకుగా కాకపోయినా ఓపిక పట్టగలిగినంత వేగంతో నడుస్తోంది. స్టార్టు మెనూలోనే పేరు కొట్టి ఫైలు వెతుక్కునే సౌకర్యం నాకు బాగా నచ్చింది. ఎవరి శుభలేఖ ఏ ఫోల్డరులో దాచామో గుర్తులేని చోట అది ఎంతో సమయం మిగులుస్తుంది. ఏ చిన్న సెట్టింగు మార్చినా తెర మసకబారి "కొనసాగించమంటారా" అని అడిగే పద్ధతి మొదటి వారం విసిగించింది, కానీ పెన్‌డ్రైవుల్లో వైరస్‌లు మోసుకొచ్చే ఖాతాదారులు ఉన్న సెంటరులో అలా అడగడమే మేలని ఇప్పుడు అనిపిస్తోంది.

తెలుగువారికి చెప్పవలసిన మంచి మాట ఒకటుంది. ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉన్నా, యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా చదవగలిగేలా అక్షరాలను దాచే ఉమ్మడి పద్ధతి) తెలుగు సరిగా కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, యంత్రాన్ని మళ్ళీ ఆన్ చేయాలి. సీడీ లేని వారికి ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి, తెలుగు చూడలేని స్థితిలో కనిపిస్తుంది. విస్టాలో ఆ తతంగమే లేదు. మొదటిసారి ఆన్ చేసిన క్షణం నుంచి "స్త్రీ", "క్ష్మ" లాంటి అక్షరాలు కుదురుగా నిలబడ్డాయి. ఇంటర్నెట్టులో తెలుగు చదవడానికి, రాయడానికి మాత్రమే కంప్యూటరు వాడేవారికి ఈ ఒక్క కారణం చాలు.

కానీ మా పని యూనికోడ్‌తో నడవదు. పేజ్‌మేకరులో పాత పద్ధతి తెలుగు అక్షరాలతో, యంత్రం వెనక గుచ్చిన డాంగిల్ (తాళంచెవి లాంటి చిన్న పరికరం) ఉంటేనే తెరుచుకునే కీబోర్డు సాఫ్ట్‌వేరుతో నడుస్తుంది. ఆ డాంగిల్‌కు విస్టా డ్రైవరు, అంటే దాన్ని విస్టాతో కలిపి నడిపే సాఫ్ట్‌వేరు, లేదు. అమ్మినవారికి ఫోను చేస్తే కొత్త వెర్షను తయారవుతోందన్నారు, తేదీ చెప్పలేదు. మా లేజర్ ప్రింటరుదీ అదే పరిస్థితి. ఫిబ్రవరి మొదటి వారంలో, ముహూర్తాల నడుమ, ఒక పెళ్ళివారి మూడు వందల శుభలేఖల మ్యాటరు ఈ యంత్రంలో తెరవలేక, పాత యంత్రం ముందు కూర్చుని రాత్రి పదకొండు దాకా మళ్ళీ కొట్టించాను. ఐదేళ్ళు సమయం ఉన్నా డ్రైవర్లు ఎందుకు సిద్ధం కాలేదని మొదట నాకు ఆశ్చర్యం కలిగింది. ఆలోచిస్తే అర్థమైంది: మధ్యలో పునాదే మారినప్పుడు, విడుదల పదేపదే వెనక్కి జరిగినప్పుడు, మిగతా తయారీదారులు కూడా చివరి రూపం తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటారు. మొదటివారు చేసిన ఆలస్యం గొలుసుకట్టుగా చివరికి మా ప్రింటరు దాకా పాకింది.

ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు. ఐఫోను పని కోసం ఇంజనీర్లను మళ్ళించవలసి వచ్చిందంటూ, జూన్‌లో రావలసిన మ్యాక్ ఓఎస్ లెపర్డ్‌ను అక్టోబరుకు జరుపుతున్నామని ఆపిల్ 2007 ఏప్రిల్ 12న ప్రకటించింది. డిసెంబరులో రావలసిన డెబియన్ ఎచ్ అనే ఉచిత లినక్స్ అదే నెల 8న వచ్చింది. కాకపోతే అక్కడ ముందుగా అడ్వాన్సు తీసుకున్నవారెవరూ లేరు. కొన్ని మోడళ్ళను మళ్ళీ ఎక్స్‌పీతో అమ్ముతామని డెల్ కూడా ఆ నెలలోనే చెప్పింది, అంటే ఎక్స్‌పీ కావాలని అడుగుతున్నది నేనొక్కడినే కాదు.

ఈ 2007 ఏప్రిల్ నాటికి నా అభిప్రాయం అడిగితే, డీటీపీ సెంటర్లవారు విస్టా జోలికి వెళ్ళవద్దు. మీ డాంగిల్‌కు, ప్రింటరుకు విస్టా డ్రైవరు చేతికి అందాకే ఆలోచించండి. ఇంట్లో తెలుగు చదువుకునేవారు 1 జీబీ ర్యామ్ ఉంటేనే కొనండి. దుకాణం విషయానికి వస్తే, గొడవపడిన మీదట డీవీడీ డ్రైవు ధరలో సగం తిరిగి ఇచ్చారు, "విస్టా ఫ్రీ" కాగితం గురించి మాట దాటేశారు. అక్కడ నిజం చెప్పింది ఒక్కరే, రిపేరు బల్ల దగ్గర కూర్చునే కుర్రాడు. డిస్కును రెండు భాగాలు చేసి విస్టా ఒకవైపు, ఎక్స్‌పీ ఒకవైపు ఉంచింది అతనే. "ఈ బోర్డుకు అద్దం రాదు సార్, ఎవరు చెప్పినా నమ్మబాకండి" అని అందరి ముందూ అన్నాడు. ఈసారి ఎక్స్‌పీకి స్టిక్కరుతో సహా లైసెన్సు కొన్నాను. పగలు శుభలేఖలన్నీ ఎక్స్‌పీ వైపే నడుస్తున్నాయి. విస్టా వైపు సెంటరు కట్టేశాక నేను తెలుగు చదువుకోవడానికి మాత్రమే తెరుచుకుంటోంది.